ఏ కుప్పలోకి

పొదలకూరు నిమ్మకాయల యార్డులో
ఇరవై రెండేళ్లుగా నా పని ఏరడం.
పసుపు ఒక కుప్ప, పచ్చి ఒక కుప్ప,
మచ్చవి ఊరగాయ వాళ్లకి, మెత్తబడినవి గుంతలోకి.
వేలు తగిలితే చాలు, కాయ సంగతి చెప్పేస్తాను.

నా ఒంటి సంగతే తెలియలేదు.

చలికాలంలో మొదలైంది.
ఉచ్చకి పోతే మంట.
ముందు తోలు వెనక్కి రాదు,
వస్తే పగులుతుంది.
ఒకరోజు రసం అంటిన చెయ్యి కడుక్కోవడం మరిచాను.
పళ్ల మధ్య తువ్వాలు కుక్కుకుని
గోడౌన్ వెనక ఎంతసేపు నిలబడ్డానో.

కామాక్షికి చెప్పలేదు.
గోడవైపు తిరిగి పడుకునేవాణ్ణి.
నెల చూసి తనే అడిగింది:
"కోపం నా మీదా, నీ మీదా?"

ముందు చెప్పింది కరీముల్లాకి.
తక్కెడ మీద బస్తా ఆపి నవ్వాడు.
"నాకు ఏడో ఏట దండేసి, కొత్త బట్టలు తొడిగి,
వీధంతా లడ్డూలు పంచారన్నా.
నలభై ఎనిమిదేళ్లకి నీకెవరు పంచుతారు?"
నవ్వు అయిపోయాక మెల్లగా,
"మాది సున్నత్. దానికి డాక్టర్ని అడగం.
నీది నొప్పి. అడగాల్సిందే" అన్నాడు.

నెల్లూరు, పొగతోట.
మెట్ల కింద మందుల షాపు, మెట్ల పైన డాక్టరు.
తెర లాగి చూసింది అర నిమిషం.
"రేపు ఖాళీ కడుపుతో రా. కోసేద్దాం.
ముప్పై రెండు వేలు."
ఎందుకండీ అంటే గడియారం చూశాడు.
శుభ్రం కదా, అన్నాడు.
శుభ్రం! రెండు పూటలా నీళ్లు పోసుకునే మనిషితో.
చెయ్యి పెట్టి చూడకుండా ధర చెప్పే బేరగాణ్ణి
మా యార్డులో ఎవరూ దగ్గరికి రానివ్వరు.

పెద్దాసుపత్రిలో
"చెంచురామయ్యా!" అని నర్సు అరిస్తే
వరండా అంతటికీ నా జబ్బు తెలిసిపోయినట్టు లేచాను.
లోపల డాక్టరమ్మ. వెనక్కి తిరగబోయాను.
"కూర్చోండి. ఇవాళ ఇది మూడోది" అంది.
రాత్రి ఎన్నిసార్లు లేస్తారు? దాహమా? అరికాళ్లు తిమ్మిర్లా?
వేలు గుచ్చింది. మిషను మీద మూడొందల పద్దెనిమిది.
"తోలు సంగతి తర్వాత. నెత్తుట్లో చక్కెర పొంగుతోంది.
ఇప్పుడు కోస్తే గాయం మానదు."
పూత మందు రాసింది,
పెసరగింజంత, రెండు పూటలా, ఆరు వారాలు.
బలవంతాన లాగొద్దు.
వెనక్కి పోయినదాన్ని అట్టే వదలొద్దు, ముందుకి తెచ్చెయ్యాలి;
అక్కడే బిగిస్తే అర్ధరాత్రైనా రావాలి.
"అయితే కొయ్యక్కర్లేదా?"
"ఏమో. ఆరు వారాలు పోనివ్వండి."

డాక్టరు నోట "ఏమో" వినడం అదే మొదలు.
ఎందుకో, నమ్మకం ఆ మాట దగ్గరే కుదిరింది.

టీలో చక్కెర మానాను. రాత్రికి జొన్నరొట్టె.
కామాక్షి క్యాలెండర్లో పాల లెక్క పక్కన
మందు రాసిన పూటలకి ఎర్రగీతలు పెట్టింది.
చక్కెర నూట నలభైకి దిగింది.
మంట పోయింది. పగుళ్లు చాలావరకు మానాయి.
ఒక పక్క మాత్రం
ఎండిన తొక్కలా తెల్లటి వలయం,
లొంగలేదు.

డాక్టరమ్మ వేలితో తాకింది. మళ్లీ తాకింది.
ఆ తాకడం నాకు తెలుసు.
పైకి నిగనిగలాడుతూ లోపల రాయిలా తగిలే కాయని
నేనూ గమ్మున పారెయ్యను,
మూడోసారి కూడా నొక్కి చూస్తాను,
తప్పు నా వేలిదేమోనని.

"ఇది ఇక సాగదు. ఇప్పుడు కొయ్యాలి" అంది.
ఆరోజు ఆగమన్నదీ ఈవిడే.
తోలూ అదే, నేనూ అదే.
ఈసారి ఎందుకని అడగలేదు.
సంతకం పెట్టాను.

కరీముల్లాకి ఫోన్ చేస్తే
కాసేపు ఏమీ మాట్లాడలేదు.
"మంగళవారం తక్కెడ తమ్ముడికి అప్పజెప్పి వస్తాలే అన్నా.
లడ్డూలు మాత్రం తేను, నీకు చక్కెర" అన్నాడు.